కాళ్ళు ముందు, తల వెనక

రండి, ఇటు జరిగి కూర్చోండి. పొగ మీ మొహం మీదికే తిరుగుతోంది. ఎండిన చెరకు పిప్పి వేశాను, అందుకే అలా భగ్గుమంది. రెండు నిమిషాల్లో చప్పబడిపోతుంది. మంట నిలవాలంటే తాటిటెంక పడాలి. మా చోడవరం చుట్టుపక్కల సంక్రాంతి ముందు రోజుల్లో ఏ కళ్ళం దగ్గర చూసినా ఇదే వైభవం: ముందు వేడి, వెనక వణుకు, మధ్యలో కబుర్లు. చలి కాచుకుంటూ నిప్పు ఆర్పేవాళ్ళ గురించి మాట్లాడటం కాస్త విడ్డూరమే. కానీ పొద్దున న్యూజెర్సీ నుంచి మా మేనల్లుడు ఫోను చేసినప్పటి నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

"మావయ్యా, నేను వాలంటీరుగా చేరాను" అన్నాడు.

నాకు గుండె జారింది. "అంత చదువు చదివి, అంత దూరం పోయి పింఛన్లు పంచుతావురా?" అన్నాను.

నవ్వకండి. 2019 ఆగస్టు 15 తరవాత మా వైపు ఆ మాటకి అర్థం ఒక్కటే. యాభై ఇళ్ళకి ఒకరు, నెలకి 5,000 రూపాయలు, తెల్లారకుండా తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టే గుంటడో గుంటో. ఆ పద్ధతి 2024లో ఆగిపోయింది గానీ, మాటలకి అంత తేలిగ్గా విడుదల దొరకదు. మా జిల్లానే చూడండి, 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలో పడ్డాం, అయినా అడ్రసు చెప్పమంటే నా నోటికి విశాఖ జిల్లా అనే వస్తుంది.

వాడు చేరింది అంబులెన్సు దళంలోనట. జీతం లేదు. పగలు కంప్యూటరు ముందు కూర్చుంటాడు, వారానికొక రాత్రి స్ట్రెచరు మోస్తాడు. అక్కడ ఫైరింజను మీద వెళ్ళేవాళ్ళలో కూడా మూడింట రెండు వంతుల మంది దాకా ఇలా ఊరికే చేసేవాళ్ళేనట. భోజనం దగ్గర కూర్చున్న మనిషి నడుముకున్న యంత్రం కూతపెడితే చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుతాడు. నాకు కుతూహలం పుట్టి కాస్త తిరగేశాను. జర్మనీలో అలాంటివాళ్ళు పది లక్షల దాకా ఉన్నారు. చిలీ దేశంలోనైతే ఫైర్‌మన్లంతా ఉచితంగా చేసేవాళ్ళే. 1851లో వాల్పరైసో అనే రేవు పట్నంలో మొదలైన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో పెట్టిన సంఘంలోనైతే సభ్యత్వానికి చందా కన్నా ముందు కావలసింది తోలు బకెట్లు. నిప్పంటుకుంటే ఎవరి బకెట్లు వాళ్ళు పట్టుకుని రావాలి.

బకెట్ల దగ్గరికి వచ్చేసరికి నాకు ఫిలడెల్ఫియా మాయమై మా వీధి చివర బాబాయి ప్రత్యక్షమయ్యాడు.

బాబాయంటే చుట్టరికం ఏమీ లేదు, వరస ఉంది. ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయన ఎన్నడూ ఫైరు సర్వీసులో లేడు, ఆసుపత్రిలోనూ లేడు. అయినా నా చిన్నతనం నుంచి వీధిలో ఎవరింట నిప్పు రేగినా, ఎవరి కాలు విరిగినా మొదట వినబడే మాట "బాబాయిని కేకెయ్యండర్రా". ఈ విద్య ఆయనకి ఎలా అబ్బిందో తెలుసా? 1948 ఫ్యాక్టరీల చట్టం పుణ్యం. దాని 45వ సెక్షను ప్రకారం ప్రతి 150 మంది పనివాళ్ళకి ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి, ఆ పెట్టె శిక్షణ పొందిన మనిషి చేతిలో ఉండాలి. ఆ తాళంచెవి ఎవరో ఒకరు మొయ్యాలి కనక ఈయన్ని సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ళ క్లాసులకి పంపించారు. పెట్టె ఫ్యాక్టరీలో ఉండిపోయింది, విద్య మాత్రం సాయంత్రం షిఫ్టు దిగి ఇంటికొచ్చేసింది.

ఇంట్లో మేకుకి ఒక కాకీ సంచి వేలాడుతుండేది. అందులో టార్చిలైటు, కత్తెర, దూది, విజిలు, రెండు వెదురు బద్దలు, మడతలు పెట్టిన తెల్లటి మూడుమూలల గుడ్డలు. ఆ గుడ్డలన్నీ పిన్ని పాత చీరలే. గజం చదరం ముక్కని ఐమూలగా కోస్తే రెండు కట్లు. విరిగిన చేతిని మెడకి వేలాడగట్టడానికి, నెత్తురు కారే తలకి చుట్టడానికి, వెదురు బద్దని కాలికి కట్టడానికి అన్నిటికీ ఆ ముక్కే. "ఈయన సంఘసేవకి నా బీరువా ఖాళీ" అని పిన్ని సణిగేది గానీ, చీర చిరగగానే మొదట చూసేది ఎన్ని ముక్కలొస్తాయనే.

ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు గానీ, ఆ రోజుల్లో మా వీధి సగం తాటాకు ఇళ్ళే. చూరుకి చూరు తగిలి ఉండేవి. ఏప్రిల్, మే వచ్చిందంటే పడుకునేముందు ఆడవాళ్ళు పొయ్యిలో నీళ్ళు చల్లి, చెయ్యి పెట్టి చూసుకుని మరీ పడుకునేవారు. చుట్టపీక నుంచి అంటుకున్న ఇళ్ళూ లేకపోలేదు. ఆ మాటకొస్తే మా అడ్డపొగ ముసలమ్మల మీద ఆ నింద వెయ్యలేం. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్ళ వల్ల చూరుకి ప్రమాదం ఏముంటుంది? అంగుడికే గానీ.

నాకు పదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం. భోజనాలై అందరూ నడుం వాల్చిన వేళ. "ఒలమ్మో, ఇల్లు కాల్తందర్రో!" అని కేక. వీధిలోకి వచ్చేసరికి మూడిళ్ళ అవతల చూరు మీద మంట కుక్క నాలికంత ఉంది. నేను మళ్ళీ ఊపిరి పీల్చేలోపు అది కప్పంతా పరుచుకుంది. తాటాకు కాలితే వచ్చే చప్పుడు మీరు వినుండరు, చిటపట కాదది, ఎవరో కొత్త గుడ్డని ఆపకుండా చింపుతున్నట్టు ఉంటుంది.

బాబాయి రాగానే అడిగిన మొదటి మాట "మనుషులా?" రెండోది "గొడ్లా?" మనుషులు బయటికొచ్చేశారని తెలిశాక పెరట్లోకి దూరి పలుపులు కోసేశాడు. ముడి విప్పుతూ కూర్చోలేదు. తరవాత విజిలు ఊది, అరిచేవాళ్ళందరినీ నూతి నుంచి రెండు వరసల్లో నిలబెట్టాడు. ఒక వరసలో నిండు బిందెలు ముందుకి, రెండో వరసలో ఖాళీవి వెనక్కి. ఖాళీవి మా పిల్లలకి. నా చేతిలోంచి ఎన్ని బిందెలు వెళ్ళాయో తెలీదు, మర్నాటికి వేళ్ళు ముడుచుకోలేదు.

ఇంతకీ అసలు సంగతి అది కాదు. కాలుతున్న ఇంటి మీద పడాల్సిన నీళ్ళు ఆయన దాని మీద చల్లించలేదు! "అది పోయింది, ఒగ్గేయండి" అన్నాడు. గాలి వాలుగా ఉన్న పక్కింటి కప్పు తడపమన్నాడు. గోనెసంచులు ముంచి ఇద్దరు కుర్రాళ్ళని దాని మీదికి ఎక్కించాడు. తను మాత్రం కొక్కెం కట్టిన గెడ తీసుకుని ఇంకో ఇల్లు దాటి మూడో ఇంటికి వెళ్ళాడు. ఆ ఇల్లు చెక్కుచెదరకుండా ఉంది. దాని కప్పు పీకడం మొదలుపెట్టాడు.

ఆ ఇంటి ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా కూచుంది. "నా ఇల్లు కాల్నేదు కదరా! నా కొంపెందుకు పీకుతున్నావురా!" అని మట్టి ఎత్తి పోసింది. బాబాయి మాట్లాడలేదు. తాటాకులు లాగాడు, వాసాలు ఊడదీశాడు, కిందవాళ్ళు వాటిని ఈడ్చి చెరువు గట్టు మీద పడేశారు. నిప్పు ఇంటి నుంచి ఇంటికి నడిచి రాదు, ఎగిరి వస్తుంది. కాలిన తాటాకు ముక్క గాలిలో లేచి నాలుగిళ్ళ అవతల వాలగలదు. అది వాలేచోట తినడానికేమీ లేకుండా చెయ్యడమే ఆయన పన్నిన పన్నాగం. మధ్యలో ఉన్న రెండో ఇల్లు తడిసి ముద్దయి సగం కమిలి మిగిలింది. మూడో ఇంటి మట్టిగోడల మధ్య రవ్వలు పడి పడి ఆరిపోయాయి. ఆ పైన పది ఇళ్ళు నిలబడ్డాయి.

ముసలమ్మ ఆయనతో రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ నెల్లోనే ఆయన బండి తోలుకెళ్ళి తాటాకు కొట్టించి తెచ్చి, సెలవు పెట్టుకుని నలుగురితో కలిసి ఆవిడ ఇల్లు కప్పించాడు. ఆవిడ ఎదురుగా అరుగు మీద కూచుని అడ్డపొగ కాలుస్తూ, "ఆ మూల పల్చగుంది, సూడు" అని గాలితో చెప్పేదట. ఆయనతో కాదు, గాలితో.

ఫైరింజనుకి అప్పట్లో కబురందాలంటే ముందు ఫోనున్న ఇల్లు వెతకాలి. "వాళ్ళొచ్చేసరికి బూడిదే మిగుల్తుంది" అని జనం ఆడిపోసుకునేవారు. బాబాయికి ఆ మాటంటే ఒళ్ళుమంట. ఫైరింజను తొట్టిలో పట్టే నీళ్ళు 4,500 లీటర్లు. ఒక్క గొట్టంతో నిమిషానికి 450 లీటర్లు చిమ్మితే పది నిమిషాల్లో ఖాళీ. తరవాత? చెరువు ఎక్కడుందో, బోరు మోటారు ఎవరి పొలంలో ఉందో, ఆ మోటారుకి ఇప్పుడు కరెంటుందో లేదో ఊరివాడు చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది? అందుకే ఫైరింజను వస్తోందనగానే ఒక కుర్రాణ్ణి సందు మొదట్లో ఎర్రగుడ్డతో నిలబెట్టేవాడు, దారిలోని బళ్ళు పక్కకి లాగించేవాడు. "ఆళ్ళు ఆర్పడానికొస్తారు, ఎతకడానిక్కాదు" అనేవాడు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు కదా. ఆ తేదీ వెనక కథ బాబాయే చెప్పాడు నాకు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ. దాంట్లో ఓ పక్క 1,400 టన్నుల పేలుడు సామగ్రి, ఇంకో పక్క పత్తి బేళ్ళు. నిప్పూ పత్తీ అని సామెతలు చెప్పుకునే దేశంలో ఆ రెంటినీ ఒకే ఓడలో సర్దిన మహానుభావుడెవడో! పత్తి రాజుకుంది. ఆర్పడానికి ఎక్కిన ఫైర్‌మన్లు దిగలేదు. 66 మంది. ఫైర్ స్టేషన్ వాళ్ళు మా బడికి వచ్చి సిలిండరు మంట మీద తడి గోనెపట్టా కప్పి ఆర్పి చూపించే రోజు, మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. బాబాయి మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాడు.

సిలిండరంటే గుర్తొచ్చింది. తాటాకు ఇళ్ళు పోయి శ్లాబులొచ్చాక నిప్పు పోలేదండీ, వేషం మార్చింది. ఇప్పుడది వైర్లలో ఉంటుంది, 14.2 కిలోల ఎర్ర సిలిండరులో ఉంటుంది. ఆ గ్యాసు గాలి కన్నా బరువు, నేలబారున పాకి మూలల్లో పేరుకుంటుంది. వాసన రాగానే మనం చేసే మొదటి తెలివితక్కువ పని లైటు వెయ్యడం. రెండోది, వేసిన లైటు ఆర్పడం. స్విచ్చి దగ్గరికే పోకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి నడవాలి. నూతులేమో పూడ్చేశాం, బిందెలు స్టీలువై అటకెక్కాయి. మొన్నామధ్య మా వీధిలో ఒక గడ్డివాము అంటుకుంటే చుట్టూ నలభై మంది ఉన్నారు, అందరి చేతులూ పైకే ఉన్నాయి, దండం పెడుతున్నారనుకున్నాను. ఫోన్లు. కుర్రకారుని తిట్టడానికి నాకు మనసొప్పదు. వాళ్ళని వరసలో నిలబెట్టే విజిలు ఊదినవాడు లేడు, అంతే. బోరు మోటారున్న ఇంటివాడు గొట్టం లాక్కొచ్చేసరికి అందులో సగం మంది ఫోన్లు జేబులో పెట్టి గొట్టం పట్టుకున్నారు.

ఇంకో టెంక వెయ్యనా? చల్లగాలి తిరిగింది.

ఇక ఆయన వైద్యం. బెల్లం ఊళ్ళలో పుట్టినవాళ్ళకి పాకం కాలడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గానుగ దగ్గర పెనం దించే వేళ అందరూ హడావుడిగా ఉంటారు. నీళ్ళు మరిగే వేడి 100 డిగ్రీలైతే, దింపుడు పాకం 115 దాటి ఉంటుంది. పైగా నీళ్ళలా జారిపోదు, చర్మాన్ని పట్టుకుని కూచుంటుంది, కూచుని కాలుస్తూనే ఉంటుంది. ఒకసారి మా వాళ్ళ గానుగ దగ్గర ఒక కుర్రాడి ముంజేతి మీద పడింది. ఒకడు పసుపు తెచ్చాడు, ఒకడు సిరా సీసా, ఇంకొకడు పళ్ళు తోముకునే పేస్టు. మా పెద్దమ్మ ఆవునెయ్యి గిన్నెతో పరిగెత్తుకొచ్చింది. బాబాయి వీళ్ళెవరినీ దగ్గరికి రానివ్వలేదు. కుర్రాణ్ణి మోటారు తొట్టి దగ్గర కూచోబెట్టి, చెయ్యి ధార కింద పెట్టాడు. వేలికున్న ఉంగరం ముందే లాగేశాడు, వాచిందంటే ఇక అది రాదు కనక. పాకం గడ్డకట్టి అంటుకుని ఉంటే పీకలేదు. ధార కింద ఇరవై నిమిషాలు.

ఇరవై నిమిషాలంటే ఎంతో మీకు తెలుసా? కాలిన పిల్లాడు ఏడుస్తుంటే, తల్లి గుండెలు బాదుకుంటుంటే, చుట్టూ పదిమంది "ఏటి బావూ, ఊరికే నీల్లు పోస్తన్నావు, ఆస్పత్రికి ఎల్లరా?" అని నిలదీస్తుంటే, వాచీ చూసుకుంటూ ఉత్త నీళ్ళు పొయ్యడానికి ఎంత గుండె కావాలో! ఆయన చేసిన సేవలో సగం ఇలాంటిదే. చెయ్యడం కన్నా చెయ్యనివ్వకపోవడం. పాము కరిస్తే గాటు పెట్టనివ్వడు, తాడు బిగించనివ్వడు, నోటితో పీల్చనివ్వడు, పరిగెత్తనివ్వడు. కరిచిన కాలు కదలకుండా బద్దకట్టి, బండి మీద పడుకోబెట్టి సర్కారు ఆసుపత్రికి. విరుగుడు మందు అక్కడుంటుంది, మంత్రగాడి దగ్గర ఉండదు. కట్లపాము మరీ దొంగది, రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. "నొప్పి నేదు కదా అని పడుకుంటే తెల్లారి నేవడు" అని పొలం కాపలాకి వెళ్ళే ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆయన వేసిన ఒక కేక మాత్రం నా చెవిలో ఇప్పటికీ ఉంది. పాత నూతిలో పూడిక తియ్యడానికి దిగిన మనిషి కుప్పకూలాడు. వాడి తమ్ముడు చొక్కా విప్పి దిగబోయాడు. బాబాయి వాణ్ణి జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, చెంప మీద ఒకటిచ్చి, "రెండో శవం నువ్వవుతావురా!" అన్నాడు. లాంతరు తాడు కట్టి దించితే సగంలో ఆరిపోయింది. లోపల గాలి లేదు. గొట్టంతో గాలి కొట్టించి, నడుముకి తాడు కట్టించి గానీ ఎవరినీ దించలేదు. పైకి తీసేసరికి అన్నగారు దక్కలేదు. తమ్ముడు ఇవాళ్టికీ మా ఊళ్ళోనే ఉన్నాడు, మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నాడు.

2020 మే 7న తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకున్నప్పుడు ఈ నూతి సంగతే నాకు మెదిలింది. మూడు గంటల వేళ, నిద్రలో ఉన్న ఊరు. రోడ్ల మీద పడిపోయినవాళ్ళని పోలీసులూ, ఇరుగుపొరుగు కుర్రాళ్ళూ భుజాల మీద వేసుకుని పరిగెత్తడం టీవీలో చూశాం. 12 మంది పోయారు. అంతకు ముందు 1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాసు అంటుకుని అరవై మంది దాకా పోయినప్పుడు కనీసం మంట కనబడింది. కనబడని దాంతోనే చిక్కు. ఎదురు వెళ్ళాలో, పక్కకి పోవాలో, గాలి ఎటుందో చూసుకోవాలి. తడిగుడ్డ మొహానికి కట్టుకుని తాతని మోసుకొచ్చిన మనవడికి ఏ చట్టంలోనూ ఉద్యోగం పేరు లేదు.

చట్టమంటే, ఒక మంచి పని జరిగింది, అది చెప్పి తీరాలి. రోడ్డు మీద పడినవాణ్ణి ఆసుపత్రిలో చేర్చితే కేసులో ఇరుక్కుంటామని చాలామంది మొహం తిప్పుకునిపోయేవారు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆ భయం మీద నీళ్ళు చల్లింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను పెట్టి ఖాయం చేశారు. సాయం చేసినవాడు పేరు చెప్పనక్కర్లేదు, సాక్ష్యానికి బలవంతపెట్టకూడదు. అనకాపల్లి రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు లైట్లు లేకుండా వెళ్ళే రోజుల్లో ఈ సెక్షను తెలియక ఎందరు రోడ్డు పక్కన ఉండిపోయారో.

2005 ఆగస్టు 15న 108 మొదలైందని హైదరాబాదు నుంచి వార్త వచ్చినప్పుడు బాబాయికి మొదట నచ్చలేదు. తన పని ఎవరో లాక్కుంటున్నట్టు మొహం పెట్టాడు. ఒకరోజు ఆ బండి మా వీధికొచ్చింది. లోపలికి తొంగి చూశాడు: ఆక్సిజను సిలిండరు, మెడకి పట్టీ, మడిచే స్ట్రెచరు, గోడకి వరసగా మందులు. తన కాకీ సంచిని చంక కిందికి నెట్టుకున్నాడు. డ్రైవర్ని "పైలట్" అంటారని తెలిసి మాత్రం పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో దోస్తీ కుదిరింది. ఆనాటి నుంచి ఆయన పని బండి వచ్చేదాకా అని సరిహద్దు గీసుకున్నాడు. వాళ్ళు రాగానే ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, తను ఏం చేశాడు, మూడు ముక్కల్లో చెప్పి పక్కకి తప్పుకునేవాడు. గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కడం ఆ కుర్రాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు, అరవై దాటాక. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్లు దిగేలా. నన్నూ నొక్కమన్నాడు ఒక తలగడని. తప్పెటగుళ్ళవాళ్ళు ఊపందుకున్నప్పటి దరువులా ఉంది లెక్క. రెండు నిమిషాలకి నా రెక్కలు పడిపోయాయి. "అందుకే ఇద్దరుండాలి, మార్చుకోవాలి" అన్నాడు.

మార్చుకోవడం అంటే కొండవాళ్ళని చూడాలి. మా దగ్గర నుంచి మాడుగుల, అదే హల్వా ఊరు, దాటితే పాడేరు కొండలు. రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణిని డోలీ కట్టి దింపుతారు. ఒక వాసం, ఒక దుప్పటి, ఇద్దరు మోస్తే నలుగురు వెంట నడుస్తారు. ఆగకుండానే భుజం కింద భుజం దూరుతుంది, డోలీ ఊగదు. ఏజెన్సీలో ఇప్పుడు మోటారు సైకిలు అంబులెన్సులు కూడా తిరుగుతున్నాయి. అదీ పోలేని చోట్లు ఇంకా ఉన్నాయి, అక్కడ ఇంకా ఆ భుజాలే. ఇది సిగ్గుపడాల్సిన సంగతే, దాన్ని గొప్పగా పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ భుజం మార్చే ఒడుపు ఏ శిక్షణా కేంద్రంలోనూ చూడలేదని బాబాయే ఒప్పుకున్నాడు.

ఆయనకీ జనానికీ జీవితాంతం నడిచిన తగువు ఒకటుంది, అది మోత గురించే. సాపు నేల మీద రోగిని కాళ్ళు ముందుగా మొయ్యాలంటాడు. ఆయన నేర్చుకున్న పద్ధతి అది. తల దగ్గర మోసేవాడికి రోగి మొహం కనబడుతుంది, రంగు మారినా, ఊపిరి ఆగినా వాడికే ముందు తెలుస్తుంది. మెట్లెక్కేటప్పుడు, బండిలోకి ఎక్కించేటప్పుడు మాత్రం తల ముందు. మన వాళ్ళకి ఇది ఎలా మింగుడుపడుతుంది? గుమ్మంలోంచి కాళ్ళు ముందుగా వెళ్ళేది ఎవరో అందరికీ తెలుసు కదా! "బతికున్నోడ్ని పాడె మీద అట్టుకెల్లినట్టు అట్టుకెల్తారేటి?" అని ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టారో. ఒకాయనైతే స్ట్రెచరు మీదనుంచే లేచి కూచున్నాడు.

కిందటేడు కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున బాబాయే పెరట్లో పడిపోయాడు. ఎనభై దాటిన ఒళ్ళు. పిన్ని కేకకి నేను వెళ్ళేసరికి తెలివి వచ్చింది గానీ మొహం తెల్లగా పాలిపోయి చెమటలు పడుతున్నాయి. 108కి ఫోను చేసి, పైలట్‌కి దారి చెప్పడానికి సందు మొదటికి ఒక కుర్రాణ్ణి పంపాను. ఎర్రగుడ్డ ఇచ్చి పంపాను. బండిలోంచి దిగిన పిల్లకి పాతికేళ్ళుండవు, నీలం చొక్కా, జడ పైకి ముడి. బీపీ చూసింది, వేలికి ఏదో తొడిగింది, మొహానికి ఆక్సిజను మాస్కు పెట్టింది. స్ట్రెచరు ఎత్తేసరికి బాబాయి కొడుకులిద్దరూ గుమ్మం దగ్గర అడ్డంపడ్డారు: తల ముందుండాలి, కాళ్ళు ముందు పెట్టి నాన్నని ఈ గుమ్మం దాటించడానికి వీల్లేదు. ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. వీళ్ళు వినరు.

మాస్కు కింద నుంచి ఏదో గురగురమంది. ఎవరికీ అర్థం కాలేదు. బాబాయి చెయ్యి పైకి లేచి, చూపుడువేలు గాలిలో ఒక చుట్టు తిరిగింది. తిప్పమని.

"తాతగారూ, ఇవాళ పేషెంటు మీరు. కాస్త ఊరుకోండి" అంది ఆ పిల్ల.

ఆయన మాస్కు పక్కకి లాగి, "కాళ్ళు ముందు" అన్నాడు. పెట్టేసుకున్నాడు.

తిప్పారు. ఆ పిల్ల తల దగ్గర నిలబడి, కళ్ళు ఆయన మొహం మీదనుంచి తియ్యకుండా గుమ్మం దాటించింది. పిన్ని చెంగు నోట్లో కుక్కుకుంది. బండి దగ్గర మళ్ళీ తిప్పి తల ముందుగా లోపలికి ఎక్కించారు. తలుపు వేస్తుంటే సంచి సంగతి గుర్తొచ్చి ఇంట్లోకి చూశాను. మేకుకి లేదు. ఆయన కాళ్ళ సందున, దుప్పటి కింద ఉబ్బెత్తుగా కనబడింది.

వారానికి ఇంటికొచ్చాడు. పలకరించడానికి వెళితే అరుగు మీద కూచుని సంచి సర్దుకుంటున్నాడు. పిన్ని చీర ముక్కల పక్కన కొత్తవి, కాగితం చుట్ట కూడా విప్పని బ్యాండేజి రోళ్ళు మూడున్నాయి. ఇవెక్కడివి బాబాయ్ అని అడిగితే చెవులు వినబడనట్టు టార్చిలైటు తీసి, వెలుగుతోందో లేదోనని నా మొహం మీద వేసి చూశాడు.